తూకానికి ముందే తగ్గే బరువు: ఉత్తర తెలంగాణ పల్లెల్లో తక్కువ బరువు కాన్పులు

పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ తూగిన బిడ్డను, ఎన్ని నెలలకు పుట్టిందన్న దానితో నిమిత్తం లేకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు శిశువుగా పరిగణిస్తుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు నమోదైన శిశువుల్లో దాదాపు 18 శాతం ఈ గీతకు దిగువనే ఉన్నారు. 2015-16 నాటి నాలుగో సర్వేలోనూ ఇంచుమించు అదే అంకె. ఈ రెండు సర్వేల మధ్య దేశంలో ఆస్పత్రి కాన్పులు 79 శాతం నుంచి 89 శాతానికి పెరిగాయి. తెలంగాణలో 97 శాతానికి చేరాయి. కాన్పు ఇంటి నుంచి ఆస్పత్రికి మారింది గానీ బిడ్డ బరువు మాత్రం కదల్లేదు. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. ఆస్పత్రి తల్లీబిడ్డల ప్రాణాలు నిలబెట్టగలదు; తొమ్మిది నెలల్లో పెరగని బరువును ప్రసవం గదిలో పెంచలేదు. వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాల పల్లెల్లో, తండాల్లో, గూడేల్లో ఈ బరువు ఎక్కడెక్కడ తరుగుతూ వస్తుందో గమనిస్తే, ఆ చోట్లు చాలావరకు ఆస్పత్రి గేటు బయటే కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఆ తల్లి గర్భం దాల్చడానికి ఏళ్ల ముందటివి.

ముందుగా ఆ 18 శాతం అంకెనే కొంచెం అనుమానంతో చూడాలి. మన దేశపు జనన బరువుల పట్టికలను గీతలుగా గీస్తే సరిగ్గా 2,500 గ్రాముల దగ్గర, మళ్లీ 3,000 దగ్గర నిట్టనిలువుగా లేచిన స్తంభాలు కనిపిస్తాయి. బిడ్డలు అలా గుండ్రటి అంకెల్లో పుట్టరు కాబట్టి, తూకం 2,430 చూపినా, 2,460 చూపినా రిజిస్టరులోకి ‘రెండున్నర’గా ఎక్కుతోందని అర్థం. ముల్లు మధ్యలో ఆడే పాత తూకాలు, బిడ్డను చుట్టిన గుడ్డ బరువు, రద్దీ, రెండున్నర రాస్తే అదనపు పర్యవేక్షణ అక్కర్లేకపోవడం, ఇవన్నీ ఇందుకు తోడవుతాయి. అదీగాక బిడ్డ మొదటి కొద్ది రోజుల్లో సహజంగానే కొంత బరువు కోల్పోతుంది గనుక, తూకం పుట్టిన మొదటి గంటల్లో వేసిందా, మర్నాడు వేసిందా అన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఇలాంటి తేడాలను సవరించి యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో పుట్టిన బిడ్డల్లో దాదాపు 27 శాతం తక్కువ బరువు వారే. సర్వే అంకెకూ ఈ అంకెకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఆశా కార్యకర్తల చేతిలోని రంగుల తూకంలో రెండు కిలోల లోపు ఎరుపు, రెండు నుంచి రెండున్నర దాకా పసుపు, ఆ పైన ఆకుపచ్చ. పసుపులో పడాల్సిన బిడ్డ కాగితం మీద ఆకుపచ్చలోకి జారిపోతే నష్టపోయేది ఆ బిడ్డే, ఎందుకంటే తక్కువ బరువు శిశువులకు నిర్ణయించిన అదనపు ఇంటి సందర్శనలు ఆ ఇంటికి జరగవు.

బరువు తగ్గడానికి దారులు రెండు. 37 వారాలు నిండకుండానే కాన్పు కావడం ఒకటి. నెలలు నిండినా కడుపులో ఎదుగుదల కుంటుపడి బిడ్డ సన్నగా పుట్టడం రెండోది. మన దేశంలో ఈ రెండో దారి వాటా చాలా పెద్దది. రెండూ కలిసి వచ్చే బిడ్డలే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. ఏ బిడ్డ ఏ దారిన వచ్చిందో తెలియాలంటే గర్భం వయసు కచ్చితంగా తెలియాలి. కూలి పనుల మధ్య నెల తప్పిన తేదీని గుర్తుపెట్టుకోని తల్లి, నాలుగో నెల దాటాక తొలిసారి ఏఎన్‌ఎం (పల్లె నర్సు) దగ్గరికి వస్తే, కార్డు మీద రాసే కాన్పు తేదీ సుమారు లెక్కే అవుతుంది. మొదటి మూడు నెలల్లో తీసే స్కానింగ్ వారాలను దగ్గరగా చెబుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ స్కానింగ్ అంచనాలోనూ తేడా పెరుగుతుంది.

తేదీ తప్పితే వచ్చే నష్టం ఈ ప్రాంతంలో మరో రూపంలోనూ ఉంది. ఐదో సర్వే నాటికి తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అవి 80 శాతం దాటాయి. నొప్పులు రాకముందే, ఒక్కోసారి ముహూర్తం చూసి, 39 వారాలు నిండకుండా ఆపరేషన్ చేస్తే బిడ్డ ఆఖరి వారాల్లో పెరగాల్సిన బరువు పెరగకుండానే బయటికి వస్తుంది, ఊపిరి ఇబ్బందులూ ఎక్కువవుతాయి. పేదరికం వల్ల కాకుండా వైద్యం చేతులారా తగ్గించే బరువు ఇది. తక్కువ బరువు గురించి మాట్లాడేటప్పుడు పల్లె తల్లుల అవగాహన లోపాన్ని పదేపదే ప్రస్తావించేవారు దీన్ని అంతగా ప్రస్తావించరు.

ఇక తల్లి శరీరం. గర్భానికి ముందు 45 కిలోల కంటే తక్కువ బరువు, 145 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తు ఉన్న స్త్రీలకు చిన్న బిడ్డలు పుట్టే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. ఎత్తు అనేది గర్భం దాల్చాక మార్చగలిగేది కాదు. అది ఆ స్త్రీ తన మొదటి రెండేళ్లలో ఏం తిన్నది, ఎన్నిసార్లు విరేచనాలు, జ్వరాలతో చిక్కిపోయింది, రజస్వల అయ్యే వయసులో ఇంట్లో ఆమెకు ఎంత దక్కింది అనే చరిత్రంతటికీ మిగిలిన కొలత. తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరని ఐదో సర్వే చెప్పింది. వారిలోని ఆడపిల్లలే మరో పదిహేను ఇరవై ఏళ్లకు తల్లులవుతారు, ఆ పొట్టితనం మనవల తూకం దాకా సాగుతుంది. అదే సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 19 శాతం మందికి ఎత్తుకు తగిన బరువు లేదు.

వయసు దీనికి తోడు. 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని రాష్ట్ర లెక్క. పదిహేడేళ్ల పిల్ల తానే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆమె తిన్న తిండి కోసం ఆమె ఎముకలు ఒకవైపు, కడుపులోని బిడ్డ మరోవైపు పోటీ పడతాయి. 2014 నుంచి అమలవుతున్న కల్యాణలక్ష్మి సాయానికి వధువుకు పద్దెనిమిది నిండి ఉండాలన్న షరతు పెట్టడం వల్ల ఆధార్ కార్డు మీది వయసుకు విలువ పెరిగింది. అయితే పద్దెనిమిది నిండిన నెలలోనే పెళ్లి, ఏడాది తిరక్కుండా కాన్పు అయితే శరీరానికి దొరికిన వ్యవధి పెద్దగా ఏమీ లేదు. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఎడం ఉండాలన్న సూచన వెనుకా ఇదే తర్కం ఉంది. కాన్పుతో, పాలివ్వడంతో తరిగిపోయిన ఐరన్, ఫోలేట్ నిల్వలు నిండకముందే రెండో బిడ్డ కడుపున పడితే అప్పు మీద అప్పు చేసినట్టే.

తిండి విషయంలో చిక్కు ఎంత తింటున్నారన్న దానికంటే ఏం తింటున్నారన్న దగ్గర ఎక్కువగా ఉంది. గటక, అంబలి, జొన్నరొట్టె తిన్న ఈ ప్రాంతం 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం తర్వాత క్రమంగా అన్నానికి మళ్లింది. ఆ పథకం ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. కానీ కంట్రోల్ బియ్యంతో వండిన అన్నం, మీద పచ్చిపులుసో నీళ్ల పప్పుచారో, పక్కన ఇంత తొక్కు అనే కంచంలో కేలరీలు ఉన్నంతగా మాంసకృత్తులు, ఐరన్, బి12, జింక్ ఉండవు. పుణె పరిసర గ్రామాల్లో 1990లలో సాగిన తల్లుల పోషకాహార అధ్యయనం ఈ విషయంలో విలువైన ఆధారం. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోల దగ్గర ఉండగా, తల్లులు తిన్న మొత్తం కేలరీలకూ మాంసకృత్తులకూ బిడ్డ పరిమాణంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తీసుకున్న తల్లుల బిడ్డలు మాత్రం పెద్దగా పుట్టారు. తక్కువ తిండి తినే ఇంట్లో అన్నం మరో రెండు ముద్దలు పెరగడం కన్నా, వారంలో నాలుగు రోజులు కంచంలో తోటకూరో చెంచలికూరో పడటం ఎక్కువ పని చేస్తుందనడానికి ఇది గట్టి సూచన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం గర్భిణికి రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. మాంసకృత్తులైతే చివరి మూడు నెలల్లో రోజుకు 22 గ్రాములు అదనంగా కావాలి. మూడు గుడ్లు తిన్నా అంత రాదు.

కడుపుతో ఉన్నప్పుడు తక్కువ తినాలనే ఆచారాన్ని ఇక్కడే ప్రస్తావించాలి. బిడ్డ లావైతే కాన్పు కష్టమైతదని, అన్నం ఎక్కువ తింటే కడుపులో జాగ చాలదని అత్తలు చెప్పే మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. పొట్టి ఎత్తు, ఇరుకు కటి ఉన్న స్త్రీలు మంత్రసాని చేతుల్లో కన్న కాలంలో, పెద్ద బిడ్డ అడ్డం తిరిగితే తల్లి దక్కని రోజుల్లో పుట్టిన జాగ్రత్త అది. ఆస్పత్రి కాన్పులు వచ్చాక ఆ జాగ్రత్తకు కారణం పోయింది గానీ అలవాటు మిగిలింది. దాన్ని పోగొట్టాలంటే తల్లికి చెప్పడం కంటే అత్తకు చెప్పడం ముఖ్యం, ఎందుకంటే ఇంటి వంట గిన్నె చాలా ఇళ్లలో ఆమె చేతిలోనే ఉంటుంది. ఇంట్లో అందరూ తిన్నాక కోడలు తినే పద్ధతి కూడా ఇందులో భాగమే. కూర అడుగంటిన గిన్నెలో గర్భిణికి మిగిలేది ఏమిటన్నది ఏ సర్వే ప్రశ్నావళిలోనూ సరిగ్గా పట్టుబడదు.

రక్తహీనత గురించి ఎక్కువగానే చెబుతారు, చెప్పాల్సిందే. హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉంటే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు లెక్క. తెలంగాణ గర్భిణుల్లో 53 శాతం మంది ఆ స్థితిలో ఉన్నట్టు ఐదో సర్వే తేల్చింది. తల్లి రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తగ్గితే మాయ ద్వారా బిడ్డకు అందేదీ తగ్గుతుంది, ముందస్తు కాన్పు ముప్పూ పెరుగుతుంది. నాలుగో నెల నుంచి 180 రోజుల పాటు రోజూ వేసుకోవాల్సిన గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గోలీలు అందుతున్న చోట కూడా అవి గూట్లో మిగిలిపోవడానికి కారణాలు సాధారణమైనవి: కడుపులో తిప్పడం, మలబద్ధకం, మలం నల్లగా రావడం చూసి భయపడటం, బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట. క్యాల్షియం గోలీతో కలిపి గానీ చాయ్ తాగిన వెంటనే గానీ వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. పొద్దున చాయ్, దాంతో పాటే రెండు గోలీలు మింగి చేనుకు పోయే తల్లి నియమం తప్పకుండా మందు వేసుకున్నట్టే, ఫలితం మాత్రం అరకొరే. చెప్పులు లేని కాళ్లతో పొలాల్లో తిరిగేవారికి పట్టే కొంకిపురుగులు పేగులో రక్తం పీలుస్తుంటాయి కాబట్టి, మూడు నెలలు దాటాక ఒక్కసారి ఇచ్చే నట్టల గోలీ కూడా ఈ చికిత్సలో భాగమే.

ఏజెన్సీ గూడేల్లో రక్తహీనతకు మరో రెండు మూలాలున్నాయి, వాటికి ఐరన్ గోలీ ఒక్కటే మందు కాదు. మొదటిది మలేరియా. ఫాల్సిపారం సూక్ష్మజీవి సోకిన ఎర్ర రక్తకణాలు మాయలో పేరుకుని బిడ్డకు వెళ్లే పోషకాల దారిని ఇరుకు చేస్తాయి, తొలిచూలు తల్లులకు ఈ ప్రమాదం ఎక్కువ. ఆమెకు జ్వరం పెద్దగా లేకపోయినా మాయలో ఈ పని జరుగుతూ ఉండొచ్చు. గత దశాబ్దంలో మలేరియా కేసులు బాగా తగ్గినా, ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని అడవి అంచు ఆవాసాల్లో వానకాలం దోమతెర ఇంకా గర్భిణి మందుల సంచిలో ఉండాల్సిన వస్తువే. రెండోది సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ఆదిలాబాద్ వైపు గోండు సమాజాల్లో దీని జన్యువు ఎక్కువగా కనిపిస్తుంది. జబ్బు ఉన్న తల్లుల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువ. 2047 నాటికి దీన్ని నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు జరుగుతున్నాయి. అయితే పెళ్లి ముందు చేయించుకునే పరీక్షకూ నెల తప్పాక తెలిసే ఫలితానికీ ప్రయోజనంలో చాలా తేడా ఉంటుంది.

వైద్యపరమైన మిగతా కారణాలు ఎక్కడైనా ఉండేవే: గర్భంలో వచ్చే బీపీ, దాని ముదిరిన రూపమైన గుర్రపు వాతం, మూత్ర నాళపు ఇన్ఫెక్షన్లు, థైరాయిడ్, కవలలు. వీటిలో చాలావాటిని బీపీ పట్టీ, మూత్ర పరీక్ష పట్టుకుంటాయి కనుక నెలనెలా పరీక్షకు వెళ్లే తల్లి విషయంలో భయం తక్కువ. వాగు పొంగితే వారాల తరబడి రాకపోకలు తెగిపోయే ఊళ్లలో ఆ నెలనెలా అన్న మాటే నిలవదు. నెలలు నిండిన వారిని వానలకు ముందే ఆస్పత్రికి చేర్చడం అధికారులు ఏటా చేస్తున్న మంచి పని, కానీ ఆరో నెలలో బీపీ చూపించుకోవాల్సిన తల్లి ఆ జాబితాలో ఉండదు.

కట్టెల పొయ్యి పొగ, మండు వేసవి కూడా బరువును తగ్గించేవే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. వేడి పెరిగేకొద్దీ ముందస్తు కాన్పులు పెరుగుతాయని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి. రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెల ఎండలకు తునికాకు సేకరణ కాలం కలుస్తుంది. గ్యాస్ సిలిండర్ ఉన్న ఇళ్లలోనూ మళ్లీ నింపించే ఖర్చుకు వెరచి నీళ్లు కాచడానికి, పప్పు ఉడకడానికి కట్టెలే వాడటం సాధారణం.

చివరిగా పని. ఏడో నెల మొదట్లో కిలో దగ్గర ఉండే బిడ్డ నెలలు నిండేసరికి మూడు కిలోల దగ్గరికి రావాలి. మొత్తం బరువులో మూడింట రెండు వంతులు ఆఖరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. ఆ మూడు నెలలు ఏ రుతువులో పడ్డాయన్నది కూలి తల్లికి చాలా ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో నాట్లు, అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరడం, ఫిబ్రవరి తర్వాత మిర్చి, ఆ వెంటనే తునికాకు. పత్తి ఏరే స్త్రీ నడుముకు చీరో గోనె గుడ్డో ఒడిలా కట్టుకుంటుంది. ఏరిన పత్తి అందులో నిండుతూ ఒడి పొట్ట మీదే బరువుగా వేలాడుతుంది. కూలి కిలోల లెక్కన కట్టే చోట ఆగితే ఆదాయం ఆగుతుంది, అందుకే నీళ్లు తాగడానికీ మూత్రానికి వెళ్లడానికీ కూడా వెనకాడుతుంది. పుణె గ్రామాల్లో తల్లుల రోజువారీ శ్రమనూ కొలిచిన పరిశోధకులు, శ్రమ ఎక్కువైన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టినట్టు గుర్తించారు. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో గర్భిణులకు రోజూ వేరుశనగ బిస్కెట్లు ఇచ్చి చేసిన ప్రయోగంలో, 1997లో వెలువడిన ఫలితాల ప్రకారం, పంట నెలల్లో బిడ్డ బరువు సగటున 94 గ్రాములు పెరిగితే, పని ఎక్కువై గింజలు తక్కువైన నెలల్లో 200 గ్రాములు పెరిగింది. లోటు ఎక్కువున్నప్పుడే సాయం ఎక్కువ ఫలిస్తుందన్న ఈ పాఠాన్ని మన పథకాలు ఇంకా కాలెండరులోకి ఎక్కించుకోలేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పని తీరు వేరు. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం కూర్చుని చేసే పని కాబట్టి నెలలు నిండేదాకా చేయొచ్చని ఇంట్లోవాళ్లూ, చుట్టేవాళ్లూ అనుకుంటారు. కానీ గంటల తరబడి తంబాకు తాకే వేళ్ల చర్మం గుండా, పీల్చే దుమ్ము గుండా నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. అది రక్తనాళాలను ఇరుకు చేస్తుంది. పొగాకు నమిలే గర్భిణుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగినట్టు ముంబైలో జరిగి 2004లో వెలువడిన అధ్యయనం తేల్చింది. చుట్టేవారికి చేరే మోతాదు వేరే కావచ్చు, దారి మాత్రం అదే. వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టే ఈ పనిలో చుట్టడం ఆపితే గర్భిణికీ కూలి ఆగుతుంది.

2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి రోజూ వేడి అన్నం, పప్పు, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టాలి. పైన చెప్పిన కంచంలో లేనివన్నీ ఇందులో ఉన్నాయి, పథకం రూపకల్పనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే భోజనం మధ్యాహ్నం, అంగన్‌వాడీలోనే కూర్చుని తినాలి. ఆ వేళకు ఆమె ఆటోలో పక్క ఊరి చేనుకు వెళ్లి ఉంటుంది. వచ్చి తినాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి, వదులుకోకపోతే గుడ్డూ పాలూ వదులుకోవాలి. ఎక్కువ అవసరమున్న తల్లికే తక్కువ అందే ఏర్పాటు ఇది, పైగా అంగన్‌వాడీ రిజిస్టరులో అది ఆమె గైర్హాజరుగా నమోదవుతుంది.

పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థల్లోని ఉద్యోగినికి, ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల వేతన సెలవు తెచ్చింది. చేలో కూలికి ఆ చట్టం వర్తించదు, ఆమెకున్నది నగదు సాయమే. అదే 2017లో తెలంగాణ కేసీఆర్ కిట్‌తో పాటు ప్రకటించిన సాయం మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు. విడతల్లో చెల్లించిన ఈ మొత్తంలో కాన్పుకు ముందు అందేది పరీక్షలు చేయించుకున్నందుకు ఇచ్చే మూడు వేలే, మిగతాదంతా ఆస్పత్రి కాన్పుకూ టీకాలకూ ముడిపడి ఉండేది. ఆస్పత్రికి రప్పించడమే లక్ష్యమైనప్పుడు ఆ అమరిక సరిపోయింది. బిడ్డ బరువు లక్ష్యమైతే అదే మొత్తంలో పెద్ద విడతను ఏడో నెలకు జరపాలి, చేనుకు వెళ్లే తల్లుల గుడ్డునూ పాలనూ పొద్దున్నే ఇంటికి పంపాలి. దీనికి కొత్త నిధుల కంటే పాత నిధుల తేదీలు మారడమే ఎక్కువ అవసరం.